లోయర్ చేసిన కారుకు మొదటిసారి ఎయిర్ సస్పెన్షన్ బిగించడం ఎలా?

స్ప్రింగులు కోయించో, లోయరింగ్ స్ప్రింగులు వేయించో కారును దించుకున్న వాళ్లు కొన్నాళ్లకు తప్పకుండా అడిగే మాట ఇది: "అన్నా, దీనికి ఎయిర్ వేయొచ్చా? మనమే బిగించుకోవచ్చా?" అడగరా మరి! నెల్లూరులో ఏ సందులోకి తిరిగినా ఎవరు వేశారో తెలియని స్పీడ్ బ్రేకర్ ఒకటి ఎదురవుతుంది. చీమకుర్తి వైపు పోతే గ్రానైట్ లారీలు నలిపేసిన రోడ్లు. దించిన కారుతో ప్రతి గుంత దగ్గరా టెన్షనే.

వేయొచ్చు. ఎయిర్ అంటే ఇనుప స్ప్రింగు బదులు గాలి నింపిన రబ్బరు బ్యాగు కారు బరువు మోస్తుంది; గాలి ఎక్కిస్తే కారు లేస్తుంది, వదిలితే దిగుతుంది. షాకబ్సర్లు విప్పి బిగించడం వచ్చినవాళ్లకు ఈ పని కొత్తేమీ కాదు. బిగించాక గాలి నిలబెట్టడం, టైరు బ్యాగుకు తగలకుండా చూసుకోవడం, ఈ రెండూ అసలు పని. చెడిపోయి షెడ్డుకొచ్చే ఎయిర్ కార్లలో ఎక్కువ భాగం ఈ రెండింట్లో ఏదో ఒకటి వదిలేసినవే. అందుకే బోల్టులు విప్పే భాగం త్వరగా చెప్పి, పరీక్షల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

మొదలుపెట్టే ముందు

చట్టం సంగతి ముందే తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడాగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలోని 182ఏ సెక్షన్ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ దగ్గర పేచీ పెట్టే అవకాశమూ ఉంది. సొంత స్థలంలో, షోలలో తిప్పే బండికి ఒక లెక్క, రోజూ ఆఫీసుకు పోయే బండికి ఒక లెక్క. ఏదన్నది మీరే తేల్చుకోండి.

రెండోది కారు పరిస్థితి. కోసిన స్ప్రింగులతో తిరిగిన కారులో బంప్ స్టాపులు (సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు అడ్డుపడే రబ్బరు దిమ్మెలు) నలిగిపోయి, పై మౌంట్ బేరింగులు అరిగిపోయి ఉంటాయి. వెనక స్ప్రింగు కూర్చునే కప్పు దగ్గర స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. మైపాడు, ముత్తుకూరు, కొత్తపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ల కార్లలో అక్కడ తుప్పు ఎక్కువ. రేకు లోపలికి దిగితే ముందు దాన్ని బాగు చేయించాలి. తుప్పు రేకు మీద బ్యాగు పెట్టకండి.

డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉందా? అయితే ఈ ఆలోచన మానుకోండి. ట్యాంకుకూ కంప్రెసర్‌కూ చోటుండదు, ఆ పక్కన డ్రిల్లింగు అసలే కూడదు.

కావలసినవి

మీ కారు మోడల్‌కే చేసిన ముందు ఎయిర్ స్ట్రట్‌లు (షాకబ్సరూ బ్యాగూ ఒకటిగా ఉన్నవి) రెండు, వెనక బ్యాగులు రెండు, వాటి బ్రాకెట్లు, పొట్టి షాకబ్సర్లు. స్విఫ్ట్, పోలో లాంటి కార్లకు ముందు స్ట్రట్, వెనక స్ప్రింగూ షాకూ విడివిడిగా ఉంటాయి కాబట్టి పని సులువు. "అన్ని కార్లకూ సరిపోతుంది" అని అమ్మే బ్యాగుల జోలికి మొదటిసారే పోవద్దు.

12 వోల్టుల కంప్రెసర్, 11 నుంచి 19 లీటర్ల ట్యాంకు, ప్రెజర్ స్విచ్, సేఫ్టీ వాల్వ్, నీళ్లు వదిలే కాక్, వాటర్ ట్రాప్ (గాలిలోని నీటిని పట్టేది), నాలుగు చక్రాలకూ విడిగా గాలి పంపే వాల్వ్ బ్లాకు, కంట్రోలరు. ఎలక్ట్రానిక్ కంట్రోలరు ఖర్చు మోయలేకపోతే చేత్తో తిప్పే వాల్వులు, ముల్లు మీటర్లు పెట్టుకోవచ్చు. చూడటానికి పాతగా ఉంటుంది గానీ చెడిపోయేది తక్కువ. మొదటి బండికి నాకైతే అదే ఇష్టం.

పనిముట్లలో మామూలు స్పానర్లు, సాకెట్లు కాక టార్క్ రెంచి, పైపు కట్టరు, మల్టీమీటరు, నాలుగు జాకీ స్టాండ్లు ఉండాలి. ఇటుకలు, చెక్కదిమ్మెలు స్టాండ్లు కావు.

ఇక పైపులు, ఫిట్టింగులు. డబ్బు తక్కువ, గొడవ ఎక్కువ ఇక్కడే. మూడు జాగ్రత్తలు:

పైపు నైలాన్‌దే తీసుకోండి, లారీ ఎయిర్ బ్రేకులకు వాడే రకం. నెల్లూరు ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపుల్లో అడగండి. నీలం రంగులో మెత్తగా ఉండే పీయూ (పాలీయురేథేన్) పైపు ఫ్యాక్టరీ మెషిన్ల కోసం చేసింది. కారు అడుగున సైలెన్సర్ వేడికి, రోహిణి కార్తె ఎండకు అది మెత్తబడి ఫిట్టింగులోంచి జారుతుంది.

పైపు సైజు, ఫిట్టింగు సైజు ఒకే లెక్కలో ఉండాలి. దిగుమతి కిట్టులో ఫిట్టింగు పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు. ఇక్కడ దొరికే పైపు 6 మిల్లీమీటర్లు. చేత్తో తోస్తే ఎక్కుతుంది, లాగితే ఆగుతుంది కూడా. కానీ లోపలి రబ్బరు రింగు పైపును సరిగా పట్టదు, రాత్రంతా గాలి సన్నగా పోతూనే ఉంటుంది.

త్రెడ్డు కూడా అంతే. అమెరికా కిట్టుల్లో ఎన్‌పీటీ త్రెడ్డు, మన హార్డ్‌వేర్ షాపుల్లో ఎక్కువగా బీఎస్‌పీ. పావు అంగుళం సైజులో ఎన్‌పీటీకి అంగుళానికి 18 చుట్లు, బీఎస్‌పీకి 19. రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది, ఆపైన బిగుసుకుపోతుంది. "గట్టిగా పట్టింది" అనుకుంటాం, నిజానికి త్రెడ్డు నలిగిపోయి ఉంటుంది. కిట్టులో ఒక ఫిట్టింగు తక్కువైతే పాతదాన్ని జేబులో వేసుకుని షాపుకు వెళ్లి, పక్కన పెట్టి పోల్చి కొనండి.

పని క్రమం

1. కొలతలు రాసుకోండి. నాలుగు చక్రాలకూ హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా ఎంతుందో టేపు పెట్టి రాయండి. ఇప్పుడున్న ఎత్తు మీకు నచ్చితే రేపు బండి నడిపే ఎత్తు అదే పెట్టుకోవచ్చు. నేల నుంచి కొలిస్తే టైరులో గాలిని బట్టి మారుతుంది, హబ్ నుంచి కొలవండి.

2. కారును స్టాండ్ల మీద నిలపండి. బ్యాటరీ మైనస్ తీసేయండి. స్టాండ్లు బాడీ కింద ఉండాలి. ఇప్పటి నుంచి పని అయ్యేదాకా, ఆ తర్వాత కూడా ఒక నియమం: గాలి మీద మాత్రమే నిలబడ్డ కారు కిందికి దూరకూడదు, టైరుకూ ఫెండర్‌కూ మధ్య చేయి పెట్టకూడదు. పైపు ఊడితే కారు క్షణంలో కూలబడుతుంది.

3. ముందు స్ట్రట్‌లు మార్చండి. బ్రేక్ హోస్ క్లిప్పు, ఏబీఎస్ వైరు, లింక్ రాడ్ విప్పండి. నకిల్ (చక్రం హబ్‌ను పట్టి ఉంచే ఇనుప భాగం) బోల్టులు విప్పే ముందు మార్కర్‌తో గీత పెట్టండి, క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం) మరీ తేడా రాకుండా ఉంటుంది. డ్రైవ్ షాఫ్ట్ బయటికి లాగబడకుండా నకిల్‌ను తాడుతో కట్టుకోండి. పై నట్లు చివర్లో. పాత స్ట్రట్ నుంచి పై మౌంట్ తీసి వాడాల్సి వస్తే స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా నడిమి నట్టు ముట్టుకోవద్దు. కోసిన స్ప్రింగే కదా అని ధీమా పడకండి, నొక్కుకుని ఉన్నది ఎంత చిన్నదైనా ఎగిరి తగులుతుంది.

కొత్త స్ట్రట్ పెట్టాక గాలి పైపు బయటికి వచ్చే వైపు టైరుకు దూరంగా తిప్పుకోండి. రబ్బరు బుష్షులున్న బోల్టులు ఇప్పుడే బిగించొద్దు. కారు నడిచే ఎత్తుకు వచ్చాక బిగించాలి. వేలాడుతున్నప్పుడే బిగిస్తే బుష్షు ఎప్పుడూ మెలిపడి ఉండి తొందరగా చిరుగుతుంది.

4. వెనక బ్యాగులు పెట్టండి. పైనా కిందా బ్రాకెట్లు ఒకే వరుసలో ఉండాలి. బ్యాగు పక్కకు వంగినా, మెలిపడినా మడత దగ్గర చీలుతుంది. కారు పూర్తిగా పైకి లేచినప్పుడు ఆపాల్సింది షాకబ్సర్, పూర్తిగా కూర్చున్నప్పుడు బరువు మోయాల్సింది బంప్ స్టాపు. బ్యాగు మీద ఈ రెండు పనులూ పెట్టకండి. బంప్ స్టాపు తీసిపారేస్తే ఇంకో అంగుళం దిగుతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినొద్దు. సైలెన్సర్ దగ్గరగా ఉంటే మధ్యలో వేడి ఆపే రేకు కట్టండి.

చేతిలో ఉన్న బ్యాగులో గాలి కొట్టి "ఎట్లా ఉబ్బుతుందో" చూడాలని అందరికీ అనిపిస్తుంది. బిగించకుండా గాలి కొడితే అది హద్దు దాటి సాగి పగలొచ్చు.

5. డిక్కీలో సామాను అమర్చండి. డ్రిల్లు పెట్టే ముందు కింద దూరి చూడండి: పెట్రోలు ట్యాంకు, ఇంధనం పైపు, బ్రేకు పైపు ఎక్కడున్నాయో. తొలిచిన రంధ్రం అంచుకు పెయింటు రాసి, రబ్బరు గ్రోమెట్ పెట్టండి. కంప్రెసర్ రబ్బరు కాళ్ల మీద, గాలి ఆడే చోట ఉండాలి. స్టెప్నీ గుంతలో పెట్టి పైన కార్పెట్ కప్పేసే వాళ్లున్నారు. కంప్రెసర్లు చేసే వయేర్ లాంటి కంపెనీలు ఎంతసేపు ఆపకుండా నడపొచ్చో చెప్పేది 72 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 22 డిగ్రీల సెల్సియస్ వాతావరణానికి. మే నెలలో మన దగ్గర ఎండలో నిలిపిన కారు డిక్కీ సంగతి మీకు తెలిసిందే.

ట్యాంకులో నీళ్లు వదిలే కాక్ అడుగున ఉండాలి. వాటర్ ట్రాప్ ట్యాంకుకూ వాల్వ్ బ్లాకుకూ మధ్య, నిలువుగా.

6. పైపులు లాగండి. పైపును కత్తెరతోనో, కటింగ్ ప్లయర్‌తోనో కోయొద్దు. చివర నొక్కుకుపోయి గుండ్రం చెడుతుంది. కట్టరుతో నిటారుగా కోసి, ఫిట్టింగులో ఎంత దూరం పోవాలో మార్కర్‌తో గీత పెట్టి, ఆ గీత మునిగేదాకా తోయండి. తర్వాత వెనక్కి గట్టిగా లాగి చూడండి. ఒకసారి తీసిన పైపుకు చివర గీతలు పడతాయి, ఆ ముక్క కోసేసి మళ్లీ పెట్టండి. సైలెన్సర్‌కు దూరంగా, బ్రేకు పైపులకు రాసుకోకుండా, జానెడుకో క్లిప్పుతో కట్టండి. చక్రం దగ్గర స్టీరింగు తిరిగేంత వదులు ఉంచండి.

త్రెడ్డు ఫిట్టింగులకు టెఫ్లాన్ టేపు కంటే త్రెడ్ సీలెంట్ పేస్టు మేలు. టేపు వాడక తప్పకపోతే మొదటి రెండు చుట్లు వదిలేసి చుట్టండి. చిరిగిన టేపు ముక్క వాల్వులో ఇరుక్కుంటే ఆ చక్రం తనంతట తాను లేస్తుంది, లేదా దిగిపోతుంది. పేస్టు ఆరడానికి డబ్బా మీద ఎంత టైము రాశారో అంతా ఆగాలి.

7. వైరింగు. కంప్రెసర్ ఒక్కోటి 20 ఆంపియర్ల దాకా, కొన్ని అంతకంటే ఎక్కువ లాగుతాయి. ఒక కంప్రెసర్‌కు 10 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు నేరుగా బ్యాటరీ నుంచి తీసుకోండి. ఫ్యూజు బ్యాటరీకి దగ్గర్లోనే, ఒక అడుగు లోపలే ఉండాలి. డిక్కీలో పెట్టిన ఫ్యూజు మధ్య దారిలో వైరు కాలితే ఆపలేదు. రిలేకు సిగ్నల్ తాళం తిప్పితేనే వచ్చే వైరు నుంచి ఇవ్వండి. లేకపోతే ఎక్కడో లీకున్న రోజు, మీరు నిద్రపోతుండగా కంప్రెసర్ బ్యాటరీ ఖాళీ చేస్తుంది. స్టీరియో వైరుకు తగిలించడం అనే షార్ట్‌కట్ వద్దే వద్దు.

పరీక్ష: కంప్రెసర్ నడుస్తుండగా మల్టీమీటరుతో బ్యాటరీ దగ్గరా, కంప్రెసర్ దగ్గరా వోల్టేజి చూడండి. అర వోల్టు కంటే ఎక్కువ తేడా ఉంటే వైరు సన్నమైనా అయి ఉండాలి, ఎర్త్ పెట్టిన చోట పెయింటైనా గీకి ఉండరు.

8. గాలి ఎక్కించి లీకు చూడండి. ఒకేసారి నిండా పెట్టకండి. ముందు ట్యాంకును 50 పీఎస్ఐ దాకా (పంచరు షాపు లెక్కలో 50 పాయింట్లు) తెచ్చి ఆపండి. గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లు ప్రతి జాయింటు మీదా పిచికారీ చేయండి. పెద్ద బుడగలు వెంటనే కనిపిస్తాయి. అసలు దొంగ లీకు తెల్లటి నురగలా, నిదానంగా పేరుకుంటుంది. ప్రతి జాయింటు దగ్గరా టార్చి వేసి ఒక నిమిషం ఆగి చూడండి. లీకు దొరికితే గాలి మొత్తం వదిలాకే ఫిట్టింగు ముట్టుకోవాలి.

అంతా బాగుంటే కంప్రెసర్ ఆగేదాకా నింపండి. 145 దగ్గర మొదలై 175 దగ్గర ఆగే స్విచ్చులు మామూలు. ట్యాంకు మీద రాసిన గరిష్ఠం దానికంటే ఎక్కువ ఉందో లేదో ముందే చూసుకోండి. బ్యాగులకు వాటి హద్దు వేరే ఉంటుంది, ట్యాంకు ప్రెజరంతా వాటిలోకి పంపకూడదు. గాలి చల్లారాక ట్యాంకు, నాలుగు బ్యాగుల ప్రెజర్లూ టైముతో సహా రాసి, రాత్రంతా వదిలేయండి.

తెల్లారి కాస్త తగ్గి ఉంటే కంగారు పడకండి. చల్లబడితే గాలి ప్రెజరు తగ్గుతుంది. సాయంత్రం 40 డిగ్రీల్లో 150 ఉన్న ట్యాంకు, తెల్లవారుజామున 27 డిగ్రీలకు సుమారు 143 చూపిస్తుంది, లీకేమీ లేకపోయినా సరే. అంతకంటే బాగా పడితేనో, నాలుగు బ్యాగుల్లో ఒకటే పడితేనో లీకు ఉన్నట్టు. ఒక చక్రమే దిగితే దాని పైపు రెండు కొసలూ, తర్వాత వాల్వూ చూడండి. అన్నీ సమానంగా దిగితే వాల్వ్ బ్లాకు మీద అనుమానం. బ్యాగులు నిలబడి ట్యాంకు ఒక్కటే పడితే కంప్రెసర్ గొట్టం, గాలి వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వ్ చూడండి.

ఈ పరీక్ష రెండు రాత్రులు గట్టెక్కేదాకా బండి రోడ్డెక్కొద్దు. ఎంత చెప్పినా సగం మంది ఇక్కడే తొందరపడతారు.

9. టైరు ఖాళీ చూడండి. చక్రాలు బిగించి కారును పూర్తిగా కూర్చోబెట్టండి, తర్వాత నడిచే ఎత్తు, తర్వాత పూర్తి ఎత్తు. ప్రతి ఎత్తులో స్టీరింగు ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పించండి. పూర్తిగా దించినప్పుడు టైరు ఫెండర్‌కు తగిలేటట్టుంటే బలవంతంగా తిప్పొద్దు. బ్యాగు చుట్టూ ఎక్కడ చూసినా అర అంగుళం ఖాళీ ఉండాలి. చేయి పెట్టి కొలవకండి. వినాయకుడి బొమ్మకు వాడే బంకమట్టి ముద్దను బ్యాగుకు ఎదురుగా టైరు లోపలి గోడకు అంటించి, చక్రం తిప్పించి, మట్టి నలిగిందేమో తర్వాత తీరిగ్గా చూడండి. తగులుతుంటే మంచి రకం హబ్ సెంట్రిక్ స్పేసరు (హబ్‌కు సరిగ్గా కూర్చుని చక్రాన్ని బయటికి జరిపే బిళ్ల), పొడుగు బోల్టులతో సహా వేయాలి. లేదా టైరు వెడల్పు తగ్గించాలి. "కొంచెమే కదా, అరిగి సర్దుకుంటుంది" అంటే, అరిగేది బ్యాగు.

పూర్తి ఎత్తులో బ్రేక్ హోసు, ఏబీఎస్ వైరు బిగుతుగా లాగుతున్నాయేమో చూడండి. లాగుతుంటే ఆ ఎత్తు వాడకుండా కంట్రోలరులో హద్దు పెట్టండి.

10. నడిచే ఎత్తు పెట్టి, బుష్షుల బోల్టులు బిగించి, అలైన్‌మెంట్ చేయించండి. బోల్టుల కోసం కింద దూరాలి కాబట్టి, బాడీకి స్టాండ్లు ఉంచి, ఆ ఎత్తు వచ్చేలా చక్రాల కింద జాకీతో లేపి బిగించండి. ఎత్తును హబ్ కొలతతోనే పెట్టండి. ముందు 60, వెనక 40 పీఎస్ఐ అని ఎవరో చెప్పిన అంకెలు వాళ్ల కారువి. అలైన్‌మెంట్ షాపులో "ఈ ఎత్తులోనే చూడు, గాలి మార్చొద్దు" అని చెప్పి పక్కనే నిలబడండి.

11. మొదటి తిరుగుడు. ఊరి బయట, ఖాళీ రోడ్డు మీద, ఒంటరిగా కాకుండా. మలుపుల్లో టక్కుమంటే లింక్ రాడ్ లేదా పై నట్టు. గుంతలో దబ్బుమంటే ప్రెజరు తక్కువ, బంప్ స్టాపు తగులుతోంది. సుమారు 50 కిలోమీటర్ల తర్వాత ప్రతి బోల్టూ టార్క్ రెంచితో మళ్లీ చూడండి. ఆ తర్వాతే హైవే.

వాడుకలో

ట్యాంకు నీళ్లు వారానికోసారి వదలండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మన వానలన్నీ పడే కాలంలో, రెండు మూడు రోజులకోసారి. లారీ డ్రైవర్లను చూడండి, ఎయిర్ ట్యాంకు నీళ్లు వదలడం వాళ్లకు ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలిచిన రోజు ఎత్తు లేపి దాటేద్దాం అనుకోకండి. బ్యాగులకు నీళ్లతో ఇబ్బంది లేదు గానీ, డిక్కీ అడుగు రంధ్రాలూ కంప్రెసరూ నీళ్లను తట్టుకోవు.

ప్రతి బ్యాగు పైపుకూ ఒక టీ ఫిట్టింగు, దానికో టైరు నిపిల్ పెట్టుకోండి. కంప్రెసర్ మొండికేస్తే కావలి దగ్గరో, సింగరాయకొండ దగ్గరో ఏ పంచరు షాపులోనైనా ఆ నిపిల్‌కు గాలి కొట్టించుకుని ఇంటికి రావచ్చు. వాల్వ్ బ్లాకే పాడైతే ఆ ఎక్కించిన గాలి నిలవదు కాబట్టి, టీకీ బ్లాకుకూ మధ్య ఒక చేతి కాక్ కూడా ఉంటే మంచిది.

బీచ్‌కు వెళ్లొస్తే బ్యాగు మడతల్లో ఇసుక చేరుతుంది. మామూలు నీళ్లతో కడిగేయండి. వాటర్ సర్వీసింగుకు ఇచ్చేటప్పుడు మాత్రం కుర్రాడికి ముందే చెప్పండి: అడుగున డీజిల్ కొట్టొద్దని. తుప్పు రాదని అలవాటుగా కొట్టేస్తారు, బ్యాగు రబ్బరు ఆ డీజిల్‌కు ఉబ్బి మెత్తబడుతుంది.